టోక్యో హాల్లో ‘క్వైదాన్’: ఈ సినిమాను చెవులతో చూడాలి

నమస్కారం. టోక్యోలో పాత సినిమాలు మాత్రమే ఆడించే ఒక చిన్న హాలు వారు ఈ ప్రదర్శనకు నాకు టికెట్టు ఉచితంగా ఇచ్చారు. అంతకు మించి నేనేమీ తీసుకోలేదు, ఈ వీడియోను ముందుగా వారికి చూపించనూ లేదు. ‘క్వైదాన్’ నాలుగు దెయ్యాల కథలున్న 1964 నాటి జపనీస్ సినిమా అనీ, రచయిత లఫ్కాడియో హెర్న్ కథల ఆధారంగా మసాకి కొబయాషి తీశారనీ, 1965లో ఫ్రాన్స్‌లోని కాన్ చలనచిత్రోత్సవంలో జ్యూరీ ప్రత్యేక బహుమతి పొందిందనీ మీరు ఇప్పటికే చదివి ఉంటారు కనుక, నేరుగా శబ్దం సంగతికి వస్తాను.

మొదటి కథలో, పదవి కోసం భార్యను వదిలి వెళ్లిన సమురాయ్ ఏళ్ల తర్వాత తిరిగి వచ్చి, ఆమె పక్కన రాత్రి గడిపి, తెల్లవారి చూస్తే అక్కడ శవమూ, నల్లని జుట్టూ మిగిలి ఉంటాయి. అతను భయంతో పరుగెడతాడు, కుళ్లిన చెక్కనేల కాలి కింద విరిగి కూలుతుంది, కానీ ఆ చప్పుడు మనకు వినిపించదు. కాసేపటికి ఎక్కడో కలప చీలిన శబ్దం ఫెళ్లున వస్తుంది, తెర మీద జరుగుతున్న దేనితోనూ అది కలవదు. సంగీత దర్శకుడు తోరు తకెమిత్సు సహజమైన చప్పుళ్లను తొలగించి, వాటి స్థానంలో ఈ చీలికలను ఆలస్యంగా వదిలారు. కన్ను చూసినది చెవికి అందక, చెవి విన్నది కంటికి దొరకక, తరువాతి శబ్దం ఎటు నుంచి వస్తుందోనని ఒళ్లు బిగుసుకుపోతుంది.

ఇంట్లో ల్యాప్‌టాప్ మీద చూసినప్పుడు ఈ ఖాళీల్లోకి ఫ్రిజ్ మోతా, వీధి హారన్లూ చొరబడేవి. హాల్లో మాత్రం ఎవరూ కదల్లేదు. పైగా ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు లేవు, నాకు వచ్చిన జపనీస్ బజారు పనులకు తప్ప పాతకాలపు సంభాషణలకు చాలదు. అయినా కథలు ముందే తెలుసు కనుక, చూపు తెర అడుగున చిక్కుకోకుండా, రెండవ కథలో ఆకాశం మీద చిత్రించిన ఆ పెద్ద కళ్ల దగ్గరే నిలిచిపోయింది.

నాకు కోపం తెప్పించినది ఏసీ. ఇంత శ్రద్ధగా కూర్చిన నిశ్శబ్దం మీద, హాలు వెనుక భాగంలోని ఆ యంత్రం ఆగి ఆగి హోరెత్తుతూనే ఉంది. ఉచిత టికెట్టు ఇచ్చారని దీన్ని దాచలేను. ఇదే ప్రదర్శనల వరుసలో అంతకుముందు కనెతో షిందో తీసిన ‘ఒనిబాబా’ సినిమా వేసినప్పుడు, అందులోని డప్పుల మోత ముందు ఈ హోరు లెక్కలోకి రాలేదు. ‘క్వైదాన్’కు అటువంటి రక్షణ లేదు, హాలు వారే చూసుకోవాలి.

మూడవ కథ అంధ గాయకుడు హోయిచిది. 1185లో దన్‌నోఉరా సముద్రయుద్ధంలో నశించిన హెయికె వంశపు ప్రేతాలు అతన్ని పిలిపించుకొని, తమ ఓటమి కథను బివా అనే తంత్రీవాద్యం మీద పాడించుకుంటాయి. కారెంపూడి ఉత్సవాల్లో వీరవిద్యావంతులు పల్నాటి వీరుల కథ పాడగా విన్నవారికి ఈ కథ కొత్తగా అనిపించదు, ఆ యుద్ధమూ 12వ శతాబ్దానిదే. మరణించిన వీరులే వచ్చి శ్రోతలుగా కూర్చుంటే పాడేవాడి గతి ఏమిటన్నది ఇక్కడి ప్రశ్న. ప్రేతాలకు కనబడకుండా అతని ఒంటినిండా హృదయ సూత్రం అనే బౌద్ధ పాఠం రాసినవారు చెవులను మరిచిపోతారు. ఇంతసేపూ శబ్దంతోనే భయపెట్టిన సినిమా చివరకు చెవులనే బలిగా అడగడం నన్ను కుదిపేసింది.

నాలుగవ కథ, టీ కప్పులో కనిపించే ముఖం గురించినది, హోయిచి తర్వాత పలచగానే తోచింది. అయినా మూడు గంటల సినిమాలో ఒక్క నిమిషం కూడా నేను గడియారం చూడలేదు. ఏసీ విసిగించినా సరే, మీ ఊళ్లో దీన్ని ఏ హాల్లో వేసినా తప్పక వెళ్లండి. టికెట్టు కొనే ముందు ఏసీ ఎటువైపు ఉందో అడిగి, దానికి దూరంగా, తెరకు దగ్గరగా ఉన్న సీటు తీసుకోండి.