ఎపిసోడ్ 41: ఇల్లు మారితే ఇంటిపేరూ మారే ఊరు

లలిత: ఎర్ర లైటు వచ్చిందా? సరే. నమస్కారం, ఫిన్లాండ్‌లోని వాసా నుంచి లలిత, కిట్టు. పోయినసారి మాటిచ్చినట్టే ఇవాళ నార్పెస్ చర్చి పుస్తకాలు, వాటిలో పాతకాలం మనుషుల్ని ఎలా వెతకాలి...

కిట్టు: అక్కా, ముందు ఆ పడవల షెడ్డు సంగతి చెప్పేస్తా, మళ్లీ మర్చిపోతా.

లలిత: నువ్వా? నలభై ఎపిసోడ్లలో ఒక్కసారి మర్చిపోతే చాలనుకున్నా. కూర్చో. కొత్తగా వింటున్నవాళ్లకి, నార్పెస్ అంటే ఇక్కడికి దక్షిణంగా సముద్రం ఒడ్డున ఉన్న ఊరు, మా అత్తగారి ఊరు. ఫిన్లాండే గానీ ఎక్కువమంది మాట్లాడేది స్వీడిష్. 1809 దాకా ఫిన్లాండ్ చాలావరకు స్వీడన్ రాజ్యంలోనే ఉంది కాబట్టి, పాత రికార్డులు ఎక్కువగా స్వీడిష్‌లోనే ఉంటాయి.

కిట్టు: టమాటాలు కూడా చెప్పు. ఈ దేశంలో పండేవాటిలో సగానికి పైగా ఆ చుట్టుపక్కల గాజు ఇళ్లలోవే.

లలిత: టమాటాలు ముందొక ఎపిసోడ్‌లోనే అయిపోయాయి. పుస్తకాల సంగతికొస్తే, 1686 చర్చి చట్టం ప్రకారం పాస్టరు తన ఊళ్లో వాళ్లందరి లెక్కా రాసిపెట్టాలి. పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు ఒకవైపు. ఇంకోవైపు ఇంటింటికీ ఒక పేజీ. ఆ ఇంట్లో ఎవరెవరున్నారు, చదవడం వచ్చా, లూథర్ కాటికిజం, అంటే క్రైస్తవ మతపాఠాల ప్రశ్నోత్తరాలు, ఎంతవరకు అప్పజెప్పగలరు, ప్రభుభోజనానికి ఎప్పుడెప్పుడొచ్చారు, తర్వాతి కాలంలో అయితే మశూచి టీకా పడిందా, అన్నీ ఉంటాయి. చాలా పుస్తకాలు ఇప్పుడు ఇంట్లో కూర్చుని నెట్లో చూసుకోవచ్చు.

కిట్టు: 1712 ఫిబ్రవరి 30న పుట్టినవాళ్లు...

లలిత: వద్దు. లేచి వెళ్లిపోతా. స్వీడన్ క్యాలెండర్‌లో ఆ ఒక్క ఏడాది నిజంగానే ఉన్న తేదీయే, ఒప్పుకున్నాను కదా, ఇంక వదిలెయ్.

కిట్టు: సరే, నువ్వు రెండు నెలలు ఎవరినో పోగొట్టుకున్నావు కదా, అదన్నా చెప్పు.

లలిత: మా అత్తగారి ముత్తాతకి తండ్రి. ఒక ఇంటి పేజీలో ఉన్నాడు, తర్వాతి పుస్తకంలో లేడు. చనిపోయినవాళ్ల జాబితా చూశాను, పక్క ఊళ్లవి చూశాను, సముద్రంలో పోయాడేమో అనుకున్నాను. చివరికి చూస్తే అదే ఊళ్లో, రెండు పొలాల అవతల, ఇంకో పేరుతో హాయిగా ఉన్నాడు! పెళ్లి చేసుకుని భార్య వాళ్ల పొలానికి వెళ్లాడు, ఆ పొలం పేరే ఆయన పేరైపోయింది.

కిట్టు: అంటే ఇల్లరికం.

లలిత: ఇదిగో, ఈ మాట అంటావనే ఇన్నాళ్లూ నీకు చెప్పలేదు.

కిట్టు: అత్తారింటికి వెళ్లాడు, వాళ్ల ఇంటిపేరు పెట్టుకున్నాడు. ఇల్లరికం కాక ఏమంటారు దాన్ని?

లలిత: ఇల్లరికపుటల్లుడు అనగానే మన దగ్గర ఒక నవ్వు వస్తుంది చూడు, అది ఇక్కడ లేదు. పైగా ఇల్లరికం వెళ్లినా మనవాడు సొంత ఇంటిపేరు వదలడు. ఇక్కడ పేరు మనిషిది కాదు, పొలానిది. ఎవరు ఆ పొలంలో ఉంటే వాళ్లది. పొలం కొనుక్కుని వచ్చినవాడిదీ అదే పేరు. ఆ పొలంలో కౌలు గుడిసె వేసుకున్నవాడినీ ఒక్కోసారి ఆ పేరుతోనే రాశారు. మనిషి మూడు పొలాలు మారితే మూడు పేర్లు.

కిట్టు: మనకీ ఇంటి పేరు అనే కదా అంటాం! ఇల్లు, పేరు. మాటలో ఇల్లుంది, మనిషి ఎక్కడున్నాడు? ఊరి పేర్లు ఇంటిపేర్లైనవాళ్లు ఎంతమంది లేరు?

లలిత: ఉన్నారు, కానీ ఊరు వదిలి రెండొందల ఏళ్లయినా పేరు మాత్రం వదల్లేదు. నువ్వు వాసాలో ఫ్లాటు మారినప్పుడు ఇంటిపేరు మార్చుకున్నావా?

కిట్టు: మార్చుకుంటే బ్యాంకు వాళ్లు ఊరుకోరు. సరే, ఒకే ఇంటిపేరున్నా రక్తసంబంధం ఉండకపోవచ్చన్నమాట. మరి పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు ఎలా?

లలిత: అందుకే నాన్న పేరు ఉంటుంది. ఆండెర్స్ కొడుకు ఆండెర్సన్, కూతురు ఆండెర్స్‌డాటర్. ఆ కూతురు పెళ్లయినా ఆండెర్స్‌డాటరే, మొగుడి పేరు తగిలించుకోదు. పంతొమ్మిదో శతాబ్దం చాలావరకు అలాగే నడిచింది.

కిట్టు: ...

లలిత: ఏం, మాట రావట్లేదా?

కిట్టు: లేదు, మా ఆవిడ పాస్‌పోర్టు గుర్తొచ్చింది. పేరు మార్పించడానికి ఎంత తిరిగామో.

లలిత: 1920లో ఫిన్లాండ్‌లో చట్టం వచ్చింది, అందరికీ స్థిరమైన ఇంటిపేరు ఉండాలని. ఆ సమయానికి ఏ పొలంలో ఉంటే చాలామందికి ఆ పేరే నిలిచిపోయింది.

కిట్టు: పొలం అన్నావు కాబట్టి అడుగుతున్నా, నేల సంగతి...

లలిత: వచ్చాడు.

కిట్టు: కాదక్కా, సంబంధం ఉంది, విను. మంచుయుగంలో నొక్కేసిన మంచు బరువు పోయాక ఈ తీరం ఇంకా పైకి లేస్తూనే ఉంది, ఏడాదికి సుమారు 8 మిల్లీమీటర్లు. తాత నీళ్ల అంచున కట్టిన పడవల షెడ్డు మనవడికి గడ్డిలో కనబడుతుంది. 1852లో వాసా తగలబడితే ఊరిని మళ్లీ అక్కడే కట్టలేదు, సముద్రం దగ్గరికి జరిపారు, రేవు అప్పటికే దూరమైపోయింది కదా. వాసా పక్కనున్న కోర్స్‌హోల్మ్ పేరులో హోల్మ్ అంటే లంకే, ఇప్పుడు చుట్టూ నీళ్లేవి? మన గోదావరి లంకలేమో ఏటా కోసుకుపోతుంటే, ఇక్కడి లంకలు ఊళ్లైపోతున్నాయి! మరి కొత్తగా లేచిన నేలకి ఏ పేరు, ఎవరిది?

లలిత: అక్కడి నీళ్లు ఎవరివైతే వాళ్లదే. చాలాచోట్ల ఊళ్లో పొలాలన్నిటికీ ఉమ్మడిగా వాటా ఉంటుంది. మా ఆయనకీ ఎంతో ఉందట, చూస్తే రెల్లు గడ్డి.

కిట్టు: రెల్లు గడ్డైనా రియల్ ఎస్టేటే.

లలిత: నవ్వకు. మొన్న అత్తగారికి ఆ ఇంటి పేజీ ప్రింటు తీసి ఇచ్చాను. అందులో పోయినవాళ్ల పేరు మీద అడ్డగీత ఉంటుంది. వరసగా పిల్లలు. యోహాన్, గీత. మరియా, గీత. మళ్లీ యోహాన్, మళ్లీ గీత. పోయిన బిడ్డ పేరే తర్వాతి బిడ్డకి పెట్టేవాళ్లు.

కిట్టు: 1868 కరువా?

లలిత: కొంచెం ముందు. ఏ రోగమో. మూడో యోహాన్‌కి గీత లేదు, పక్కన చిన్న అక్షరాలతో అమెరికా అని ఉంది, అంతే. ఈ తీరం నుంచి ఎంతమంది వెళ్లారో. ఆవిడ ఆ మాట మీద వేలు పెట్టి చాలాసేపు ఉంది. "ఉత్తరం రాలేదని మా అమ్మమ్మ చెప్పేది" అంది. తర్వాత లేచి కాఫీ పెట్టింది.

కిట్టు: అక్కడ దొరకడా?

లలిత: ఏ పేరుతో వెతకను? పొలం పేరుతోనా, ఆండెర్సన్‌గానా, దిగాక అక్కడ ఇంకేమైనా పెట్టుకున్నాడా?

కిట్టు: పాస్‌పోర్టు జాబితాలు ఉంటాయి కదా, వాటిలో...

లలిత: ఉంటాయి, చూస్తున్నాను, అదే పేరు వాళ్లు ఆరుగురు... ఇదేంటి, బ్యాటరీ మినుకుతోంది?

కిట్టు: ఛార్జర్ కారులో ఉందక్కా.

లలిత: ఎవరి కారులో?

కిట్టు: నీ...