సగం పీత, రెండు గంటల గొడవ

రమణ: శ్రోతలకు నమస్కారం. అమెరికాలో టెక్సస్ సముద్రతీరాన ఉన్న గాల్వెస్టన్ ఒడ్డున నిలబడి రెడ్‌ఫిష్ అనే చేపను పట్టడానికి ఏ ఎర, ఏ సరంజామా కావాలో ఈసారి చెబుతామని మాట ఇచ్చాం. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా పెద్ద చేపలు తీరానికి దగ్గరగా తిరుగుతాయి కాబట్టి ముందుగా ఎర సంగతి చూద్దాం.

కిరణ్: ఎర అంటే మల్లెట్ చేప అని చెప్పి ముందుకు వెళ్లిపోండి బావా.

రమణ: ఎలా వెళతాను? పీత సంగతి చెప్పొద్దా?

కిరణ్: పీత ఊసెత్తితే గొడవేనని అక్క కూడా చెప్పింది కదా.

రమణ: సరే. బ్లూ క్రాబ్ పై డిప్ప ఊడదీసి, సగానికి కోసి, కాలు విరిచిన చోట ఏర్పడే రంధ్రంలోంచి గాలం దూర్చి, ములుకు బయటికి కనిపించేలా ఉంచితే, కెరటాలు ఎంత కొట్టినా ఆ ఎర ఊడదు. రెడ్‌ఫిష్ గొంతులో పీతను నలగ్గొట్టే పళ్లు ఉన్నాయి. అది దానికి ఇష్టమైన తిండి.

కిరణ్: పీతను కొనాలి, మల్లెట్ మాత్రం విసురు వలకు ఊరికే వస్తుంది. అప్పుడే పట్టినదాని తల కోసి గుచ్చితే నెత్తురు వాసన నీటివాలున చాలా దూరం పోతుంది.

రమణ: ఆ వాసనకు ముందు వచ్చేవి హార్డ్‌హెడ్ జెల్లలే. మొన్న వరసగా ఎన్ని వదిలామో, వాటి ముల్లు ఎవరి వేలికి గుచ్చుకుందో చెప్పమంటావా?

కిరణ్: అప్పుడు నేను వేసింది రొయ్య, మల్లెట్ కాదు! మీరు లెక్క ఎప్పుడూ తప్పే చెబుతారు.

రమణ: ఎర ఏదైనా కానీ, సర్కిల్ హుక్, అంటే కొన లోపలికి వంగిన గాలం, వేసినప్పుడు గెడను ఎత్తి కొట్టకూడదని ఎన్నిసార్లు చెప్పాలి? గోదావరి గట్టున బెండు మునగగానే వెదురు గెడను గుంజిన అలవాటు నీకు ఇంకా పోలేదు.

కిరణ్: వచ్చేసింది, పాత పాట వచ్చేసింది.

రమణ: చేప ఎరను నోట కరుచుకుని పక్కకు తిరిగినప్పుడు దారం బిగిసి, గాలం దానంతటదే దవడ మూలన పడుతుంది. గుంజితే ఎర నోట్లోంచి జారిపోతుంది.

కిరణ్: పోయిన అక్టోబరులో నేను మామూలు గాలం వేసినప్పుడు చేప దాన్ని గొంతులోకి మింగేసింది. నీళ్లలో ఎంతసేపు పట్టుకుని నిలబడినా అది తేరుకోలేదు. అందుకే ఆ విషయంలో మీతో వాదించను.

రమణ: ... అవును. 28 అంగుళాలు దాటినదాన్ని ఉంచుకోవాలంటే లైసెన్సుతో వచ్చే ట్యాగ్ కట్టాలి, లేకపోతే వదిలేయాలి. వదిలేది బతకాలి కదా.

కిరణ్: సరంజామా మిగిలిపోయింది.

రమణ: గెడ పది నుంచి పన్నెండు అడుగులు, అల్లిన దారం 30 పౌండ్ల బరువు ఆపేది, గాలానికి ముందు కట్టే లీడర్ 60 పౌండ్లు ఆపే ఒంటి పోగు మోనో దారం, ఇసుకలో పాతుకునేలా తీగ కాళ్లున్న స్పైడర్ వెయిట్ సుమారు 5 ఔన్సులు. ఒడ్డు వెంట నీళ్లకింద ఉండే మొదటి ఇసుక మెరకకూ రెండోదానికీ మధ్య కాలువలో ఒక ఎర, దాని అవతలి కాలువలో మరొకటి వేయాలి.

కిరణ్: రెండోదానికి మల్లెట్.

రమణ: సగం పీత.

కిరణ్: మీ పీత మీరు వేయండి, నా మల్లెట్ నేను వేస్తాను; శనివారం ఎవరి గెడ ముందు వంగుతుందో చూద్దాం.

రమణ: వంగితే గుంజవద్దు.

కిరణ్: బావా, రికార్డింగ్ ఆపండి.