ముక్కడం కాదు, ఆపుకోవడం

అందరికీ నమస్కారం. ఇవాళ మలబద్ధకం గురించి మాట్లాడుకుందాం. ఇంట్లోవాళ్లతో కూడా గొంతు తగ్గించి చెప్పుకునే విషయం కాబట్టే, చాలామంది నా దగ్గరికి ఆలస్యంగా వస్తారు.

ఆమధ్య ఒక నాలుగేళ్ల బాబును తీసుకొచ్చారు. రోజూ సాయంత్రం తలుపు చాటుకు వెళ్లి, కాళ్లు బిగబట్టి, మునివేళ్ల మీద నిలబడి, మొహం ఎర్రగా చేసుకుంటాడట. "ఎంత ముక్కినా రావట్లేదండీ, పాపం" అంది వాళ్లమ్మ. నిజానికి వాడు ముక్కడం లేదు, వస్తున్నదాన్ని ఆపుకుంటున్నాడు. అంతకుముందెప్పుడో మోషన్ గట్టిగా వచ్చి, మలద్వారం దగ్గర చీరుకుంది. ఆ నొప్పి వాడు మర్చిపోలేదు.

పెద్దపేగు నీటిని పీల్చుకుంటుంది. మలం లోపల ఎంత ఎక్కువసేపు ఉంటే అంత గట్టిపడుతుంది. గట్టిపడితే మళ్లీ నొప్పి, ఆ భయంతో మళ్లీ ఆపుకోవడం. ఇలాగే నెలలు గడిస్తే పేగు చివరి భాగం సాగిపోయి, నిండిన సంగతి పిల్లలకు తెలియనే తెలియదు. గట్టి ముద్ద పక్కనుంచి పల్చగా కారి నిక్కరుకు అంటుతుంది. కొందరు అవి విరేచనాలనుకుని ఆపే మందు వేస్తారు. ఇంకొందరు "ఇంత వయసొచ్చింది, సిగ్గులేదా" అని కొడతారు. దయచేసి కొట్టకండి. అది వాడి చేతుల్లో లేదు.

అంతదాకా వచ్చాక పండ్లు, నీళ్లు మాత్రమే సరిపోవు. ముందు పేరుకున్నదంతా బయటికి పోవాలి. తర్వాత మలాన్ని మెత్తబరిచే లాక్టులోజ్ గానీ పాలీఇథిలీన్ గ్లైకాల్ గానీ డాక్టర్ చెప్పిన మోతాదులో నెలల తరబడి వాడాలి. "అలవాటైపోతుందేమో" అని వారానికే మానేయడం నేను అన్నిటికంటే ఎక్కువగా చూసే పొరపాటు. ఈ మందులకు పేగు బానిస కాదు. సాగిన పేగు కుదురుకోవడానికి టైమ్ పడుతుంది, అంతే.

తిన్న తర్వాత పేగుల్లో కదలిక సహజంగానే పెరుగుతుంది. అప్పుడు ఐదు పది నిమిషాలు కూర్చోబెట్టండి. కమోడ్ మీద కాళ్లు గాల్లో వేలాడకుండా పాదాల కింద పీట వేయండి. మోకాళ్లు తుంటి కంటే కాస్త ఎత్తులో ఉండాలి. వచ్చినా రాకపోయినా, కూర్చున్నందుకే మెచ్చుకోండి.

ఇక పెద్దవాళ్లు. ఒక్కరోజు వెళ్లకపోతే టెన్షన్ పడేవాళ్లు చాలామంది. ఇబ్బంది లేకుండా మెత్తగా వస్తుంటే రోజుకు 3 సార్లయినా, వారానికి 3 సార్లయినా మామూలే. పీచు రోజుకు 25 నుంచి 30 గ్రాములు అందాలి. ఒకేసారి పెంచితే కడుపు ఉబ్బుతుంది, కాబట్టి కొద్దికొద్దిగా పెంచుతూ నీళ్లు బాగా తాగండి. మీరు వాడే మందులూ ఒకసారి చూసుకోండి. ఐరన్ మాత్రలు, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు, కొన్ని బీపీ మాత్రలు మలబద్ధకం తెస్తాయి. మీ అంతట మీరు మానేయకండి, రాసిన డాక్టర్‌నే అడగండి. థైరాయిడ్ హార్మోన్ తగ్గినా ఇలాగే అవుతుంది.

మలంలో రక్తం పడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, పెద్ద వయసులో కొత్తగా ఈ ఇబ్బంది మొదలవడం, వీటిని తేలిగ్గా తీసుకోవద్దు. పొట్ట ఉబ్బి, వాంతులవుతూ, గ్యాస్ కూడా పోకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. పుట్టిన బిడ్డకు 48 గంటలైనా నల్లటి తొలి మలం రాకపోయినా అంతే.

ఇప్పుడు మీరు అడగండి. అందరిముందు అడగడం ఇబ్బందిగా ఉంటే చీటీ మీద రాసి పంపండి, పేరు రాయక్కర్లేదు.