కొండల మధ్య ఒక మైదానం: ఐబార్ క్లబ్బు కథ

మిత్రులారా,

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ట్రోఫీలు గెలిచిన క్లబ్బు గురించి కాదు. స్పెయిన్ ఉత్తరాన బాస్క్ ప్రాంతంలో, ఇరుకైన లోయలో ఐబార్ అనే ఊరుంది. జనాభా సుమారు 27 వేలు. అక్కడి ఫుట్‌బాల్ మైదానం పేరు ఇపురువా. పక్క అపార్ట్‌మెంట్ల బాల్కనీల్లో నిలబడి కూడా ఆట చూడవచ్చు.

ఐబార్ తరతరాలుగా తుపాకులు చేసిన ఊరు. అందుకే క్లబ్బు ఆటగాళ్లను ఇప్పటికీ ‘అర్మేరోస్’ అంటారు, అంటే ఆయుధాలు తయారుచేసేవారు అని. 1920లో అక్కడి ఆయుధ కార్మికులు సహకార పద్ధతిలో పెట్టుకున్న ఆల్ఫా సంస్థ తర్వాత కుట్టు మిషన్లకు పేరుపొందింది. పది మందీ తలా కొంత వేసుకుని ఒక పని నిలబెట్టడం ఆ ఊరికి అప్పటికే అలవాటు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరకే వస్తాను.

1937లో అంతర్యుద్ధపు బాంబులు ఊరిని శిథిలం చేశాయి. మూడేళ్లకే, 1940లో, రెండు స్థానిక జట్లు కలిసి ఈ క్లబ్బు పుట్టింది. 1950లలో కొన్నేళ్లు రెండో డివిజన్‌లో ఆడి, కిందికి దిగి, దశాబ్దాల పాటు చిన్న పోటీల్లోనే గడిపింది. 1988లో మళ్లీ పైకి వచ్చి, 2006 దాకా వరుసగా 18 సీజన్లు రెండో డివిజన్‌లో నిలిచింది. నా దృష్టిలో ఆ క్లబ్బు అసలైన ఘనత ఇదే. తనకన్నా ఎన్నో రెట్లు పెద్ద నగరాల జట్లతో పోటీపడుతూ, చేతిలో ఉన్నంతే ఖర్చుపెట్టి, అన్నేళ్లు నిలదొక్కుకోవడం మాటలు కాదు. తర్వాత స్పెయిన్ జాతీయ జట్టులో పేరుపొందిన షాబీ అలొన్సో, డేవిడ్ సిల్వా కుర్రతనంలో వేరే క్లబ్బుల నుంచి అరువు ఆటగాళ్లుగా వచ్చి రాటుదేలింది ఇక్కడే.

తర్వాత మళ్లీ మూడో అంచెకు పడిపోయింది. 2013లో రెండో డివిజన్‌కు, మరుసటి ఏడాదే ఆ డివిజన్ విజేతగా లా లిగాకు, అంటే స్పెయిన్ మొదటి డివిజన్‌కు, ఎక్కింది. ఊరు పండుగ చేసుకోవలసిన సమయంలో, క్లబ్బుకు కనీసం ఇంత మూలధనం ఉండాలనే చట్టం అడ్డుపడింది. మూలధనం 4 లక్షల 22 వేల యూరోలే ఉంది, మరో 17 లక్షలకు పైగా సమకూర్చాలి. గడువులోగా తేలేకపోతే మైదానంలో గెలిచిన స్థానం పోవడమే కాదు, మళ్లీ మూడో అంచెకు దిగాలి. అప్పులు చేసిన క్లబ్బులను అదుపులో పెట్టడానికి తెచ్చిన నిబంధన, అప్పే లేని క్లబ్బు మెడకు చుట్టుకుంది! ఆ అన్యాయం తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఐబార్ ఒక ధనవంతుడి కోసం వెతకలేదు. మొదట్లో చెప్పిన ఆ తలా కొంత వేసుకునే అలవాటునే నమ్ముకుని, 50 యూరోలకు ఒక షేరు చొప్పున జనానికే అమ్మింది. క్లబ్బు ఏ ఒక్కరి గుప్పిట్లోకీ పోకుండా ఒక్కొక్కరు కొనగలిగే మొత్తానికి లక్ష యూరోల పరిమితి పెట్టింది. ఊరివాళ్లు కొన్నారు, ఆ ఊరు చూడని దేశదేశాల అభిమానులూ కొన్నారు. అలొన్సో, సిల్వా ఈ ప్రయత్నానికి అండగా నిలిచారు. గడువుకు ముందే డబ్బు సమకూరింది.

2014 ఆగస్టు 24న లా లిగాలో తొలి మ్యాచ్, తమ ఇపురువాలోనే, పొరుగు జట్టు రియల్ సొసియెదాద్‌తో. హావీ లారా కొట్టిన గోల్‌తో 1-0 తేడాతో గెలిచారు. ఏడు సీజన్లు అక్కడే నిలిచారు. 2021లో కిందికి దిగేనాటికి మహమ్మారి వల్ల ఇపురువా గ్యాలరీలు ఖాళీగా ఉన్నాయి. కిందికి దిగడం అప్పటికే ఖాయమైన ఐబార్, బార్సిలోనాతో ఆడిన చివరి మ్యాచ్‌లో ఒక్క గోల్ తేడాతో ఓడి, మళ్లీ రెండో డివిజన్‌కు వచ్చింది.