ఏడుపుకూ ఏడుపుకూ మధ్య

శ్రోతలకు నమస్కారం.

నెల్లూరులో ముప్పై ఏళ్ళు ఎక్స్‌రే గదిలో పనిచేశాను. బయట బల్ల మీద కూర్చున్నవాళ్ళు అడిగేవి రెండే ప్రశ్నలు. బొమ్మ బాగా వస్తుందా? ఆ కిరణాలు ఒంటికేమీ చెయ్యవు గదా? బొమ్మ బాగుండాలి, కిరణాలు తక్కువ పడాలి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డమని చాలామంది అనుకుంటారు. నాకు ఒక పిల్లాడు గుర్తొస్తాడు.

మైపాడు వైపు నుంచి ఒక అవ్వ నాలుగేళ్ళ మనవణ్ణి చంకనేసుకొని వచ్చింది. వారం నుంచి దగ్గు, జ్వరం. మిషను చూడగానే వాడు ఏడుపు లంకించుకున్నాడు. నా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు టెన్షన్‌లో, కిరణాలు ఎంతమేర పడతాయో ఒంటిమీద చూపించే లైటును వెడల్పుగా తెరిచేశాడు, గడ్డం నుంచి పొత్తికడుపు దాకా. బటన్ నొక్కాడు. పిల్లాడు కదిలాడు, బొమ్మ అలికినట్టు వచ్చింది. "సార్, డోసు పెంచి ఇంకోటి తీద్దాం" అన్నాడు. డోసంటే ఒంటిమీద పడే కిరణాల మోతాదు.

డోసు పెంచితే కదలిక ఆగుతుందా నాయనా అన్నాను.

ముందు లైటును ఛాతీ వరకు దగ్గరికి తెచ్చాను. కిరణం ఒంటికి తగిలి అటూ ఇటూ చెదురుతుంది. అలా చెదిరింది బొమ్మ మీద మంచులా కమ్ముతుంది. లైటు వెడల్పు తగ్గిస్తే కడుపు మీద కిరణం పడదు, బొమ్మ మీద మంచూ పడదు. ఆ చిన్న మర తిప్పితే రెండూ బాగుపడ్డాయి! తర్వాత కరెంటు పెంచి, టైము తగ్గించాను. మొత్తం కిరణాలు అంతే, కానీ రెప్పపాటులో పని అయిపోతుంది. అవ్వకు సీసపు ఏప్రాన్ కట్టి, పిల్లాడి చేతులు పైకి పట్టుకోమన్నాను. ఇక వాడి పక్కటెముకలనే చూస్తూ నిలబడ్డాను. ఏడ్చే పిల్లలు ఏడుపుకూ ఏడుపుకూ మధ్య ఒక్కసారి గట్టిగా గాలి పీలుస్తారు. ఛాతీ పొంగుతుంది. అప్పుడే నొక్కాను. కుడి ఊపిరితిత్తి కింది భాగంలో తెల్లటి మచ్చ స్పష్టంగా కనపడింది. న్యుమోనియా. డాక్టరుగారు ఆ పూటే మందు మొదలుపెట్టారు.

అవి ఫిల్మ్ రోజులు. డోసు ఎక్కువైతే ఫిల్మ్ నల్లగా మాడిపోయేది, తప్పు వెంటనే తెలిసేది. ఇప్పటి డిజిటల్ మిషన్లలో కంప్యూటరు సరిదిద్దేస్తుంది. ఎక్కువ డోసు ఇచ్చినా బొమ్మ ఇంకా నున్నగా వస్తుంది తప్ప ఎవరూ తప్పు పట్టరు. అందుకే కుర్రవాళ్ళకు చెబుతుంటాను, బొమ్మ ఒక్కటే చూడొద్దు, తెర మీద డోసు అంకె కూడా చూడండని. అందమైన బొమ్మ అక్కర్లేదు, జబ్బు తెలిసే బొమ్మ చాలు.

భయపడి ఎక్స్‌రే మానుకోవద్దు. ఒంటికి తగిలే కిరణాలను మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు. పెద్దవాళ్ళకు ఒక ఛాతీ ఎక్స్‌రేకి పడేది 0.1 మిల్లీసీవర్ట్ లేదా అంతకన్నా తక్కువే. నేల నుంచి, ఆకాశం నుంచి, తిండి నుంచి మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్ ఎలాగూ అందుతుంది. నా బాధల్లా అనవసరంగా తీసే రెండో ఎక్స్‌రే గురించే.

ఆ రెండోది తప్పించడం కొంత మీ చేతిలో ఉంది. పిల్లల మెడలో తాయెత్తు, మొలతాడుకు కట్టిన బిళ్ళ, మన ఆడవాళ్ళు తాళికి పెట్టుకునే పిన్నీసులు, ఇవన్నీ బొమ్మలో తెల్లగా అడ్డం వస్తాయి. పిన్నీసులు ముందే తీసేయండి. తాళి తియ్యడం ఇష్టం లేకపోతే మొహమాటపడకుండా చెప్పండమ్మా. పైకి తీసి పళ్ళ మధ్య పట్టుకోమంటారు, అంతే.