నీళ్ల గడిలో గీత కనిపిస్తే? బడి పిల్లలకు ఇంటి నుంచే ల్యాబ్ పని

(తెర మీద: తెల్లవారుజామున విశాఖ ఫిషింగ్ హార్బర్. బోట్ల నుంచి దిగుతున్న చేపలు, ఐస్ పెట్టెలు.)

నమస్తే. పదో తరగతి పిల్లల్ని "బైపీసీ తీసుకుని ఏమవుతావు?" అని అడగండి. చాలామంది డాక్టర్ అనే అంటారు. నీట్‌లో సీటు రాకపోతే? అక్కడ మాట ఆగిపోతుంది. అది వాళ్ల తప్పు కాదు. జ్వరం వచ్చినప్పుడల్లా డాక్టర్ని చూశారు. కానీ తమ రక్తం శాంపిల్ ఏ గదికి వెళ్లిందో, దాన్ని ఎవరు పరీక్షించారో వాళ్లకు ఎవరూ చూపించలేదు.

(తెర మీద: విశాఖ మ్యాప్. ఒక్కో చోటా చుక్క వెలుగుతుంది.)

మన ఊళ్లో ఆ గదులు ఎన్నో! పరవాడ ఫార్మా సిటీ, వైద్య పరికరాలు తయారయ్యే మెడ్‌టెక్ జోన్, సముద్ర చేపల మీద పరిశోధన చేసే సీఎంఎఫ్ఆర్ఐ కేంద్రం, 1926 నుంచి ఉన్న ఆంధ్రా యూనివర్సిటీ. పిల్లలు బస్సులో ఈ గేట్ల ముందు నుంచే వెళ్తుంటారు. లోపల రసాయనాలు, సూక్ష్మజీవులు ఉంటాయి కాబట్టి పదిహేనేళ్ల పిల్లల్ని ఊరికే రానివ్వరు. అది సరైనదే. అయినా, లోపల జరిగే పని చూడకుండానే పిల్లలు గ్రూప్ ఎంచుకుంటున్నారన్నది నన్ను బాధపెట్టే విషయం.

దీనికి ఒక దారి వర్చువల్ వర్క్ ఎక్స్‌పీరియన్స్. బ్రిటన్‌లో బడి పిల్లలు వారమో, రెండు వారాలో నిజమైన పనిచోటికి వెళ్లి పని చూసి రావడం ఎప్పటి నుంచో ఉంది. 2020లో కోవిడ్ వచ్చి తలుపులు మూసుకున్నాక అక్కడి యూనివర్సిటీలు దీన్ని ఆన్‌లైన్‌లో నడపడం మొదలుపెట్టాయి. ల్యాబ్ వీడియోలు చూపిస్తారు, పరిశోధకులు తమ రోజు ఎలా గడుస్తుందో చెబుతారు, పిల్లల ప్రశ్నలకు జవాబిస్తారు. ఆ తర్వాత ఒక పని ఇస్తారు. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది ఆ పనే.

అలాంటి పని ఒకటి ఇప్పుడే చేద్దాం, మనకు తెలిసిన రొయ్యతో.

(తెర మీద: భీమిలి తీరంలో ఒక హేచరీ, అంటే రొయ్య గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచే చోటు. గాజు బీకరులో రొయ్య పిల్లలు.)

రైతు చెరువులో వదలడానికి రొయ్య పిల్ల కొంటాడు. ఆ పిల్లలో తెల్లమచ్చ వైరస్ ఉంటే, జబ్బు బయటపడిన మూడు నుంచి పది రోజుల్లో చెరువు మొత్తం పోవచ్చు. అందుకే కొనేముందు పీసీఆర్ పరీక్ష చేయిస్తారు. కోవిడ్ రోజుల్లో మన ముక్కులోంచి తీసిన శాంపిల్‌కు చేసిన ఆర్టీపీసీఆర్ కూడా ఈ పద్ధతిలో ఒక రకమే.

(తెర మీద: ఒక డీఎన్ఏ ముక్క రెండై, రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై...)

వైరస్ డీఎన్ఏ చాలా కొంచెమే ఉంటుంది, కంటికి కనపడదు. దాన్ని సుమారు 95 డిగ్రీలకు వేడి చేస్తే జంట పోగులు విడిపోతాయి. కాస్త చల్లార్చితే ప్రైమర్లు, అంటే మనం వెతికే భాగానికే అతుక్కునే చిన్న ముక్కలు, వాటిని పట్టుకుంటాయి. మళ్లీ 72 డిగ్రీలకు తెస్తే ఎంజైమ్ కొత్త పోగు అల్లుతుంది. ఇది ఒక చుట్టు. ఒక్కో చుట్టుకు ముక్కల సంఖ్య రెట్టింపవుతుంది. అలా సాగితే 30 చుట్లకు ఒక్క ముక్క 107 కోట్లు దాటుతుంది. అప్పుడు జెల్ మీద, అంటే డీఎన్ఏ ముక్కల్ని సైజును బట్టి విడదీసే మెత్తటి పలక మీద, గీతలా కనిపిస్తుంది.

(తెర మీద: జెల్ ఫోటో. నాలుగు గడులు, నాలుగింటిలోనూ గీత.)

మొదటి గడిలో వైరస్ ఉందని ముందే తెలిసిన శాంపిల్. రెండో గడిలో శాంపిల్ వేయలేదు, శుద్ధమైన నీళ్లే. మూడు, నాలుగు హేచరీ పిల్లవి. రైతు వ్యాన్ వేసుకుని బయట నిలబడ్డాడు. రిపోర్టులో ఏం రాస్తారు? వీడియో ఆపి, కాగితం మీద రాసుకోండి.

(తెర మీద: ఐదు సెకన్ల నిశ్శబ్దం.)

"పిల్లలో వైరస్ ఉంది" అని రాశారా? రెండో గడి మళ్లీ చూడండి. నీళ్లలో రొయ్యే లేదు, గీత ఎక్కడిది? పిపెట్ (కొలిచి ద్రవం తీసే పరికరం) నుంచో, బల్ల మీద నుంచో, రసాయనాల సీసాలోంచో వైరస్ డీఎన్ఏ కలిసిపోయింది. అంటే మూడు, నాలుగు గడుల గీతలనూ నమ్మలేం. అలాగని పిల్ల మంచిదనీ చెప్పలేం. పరీక్ష చెల్లదు, కొత్త రసాయనాలతో మళ్లీ చేయాలి. బయటికి వెళ్లి రైతుతో "ఇంకా తెలియలేదండీ, మళ్లీ చేస్తున్నాం" అని చెప్పాలి. టెన్షన్‌లో ఉన్న మనిషికి ఆ మాట చెప్పడం తేలిక కాదు. ల్యాబ్ ఉద్యోగంలో సగం బరువు ఇక్కడే ఉంది. పాఠ్యపుస్తకంలో పీసీఆర్ బొమ్మ ఉంటుంది కానీ, ఈ బరువు ఉండదు.

ఈ పని మీకు నచ్చిందా? అయితే ఫిషరీస్ సైన్స్, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, ల్యాబ్ టెక్నాలజీ, ఫార్మసీ కోర్సుల గురించి తెలుసుకోండి, అన్నిటికీ బైపీసీతో వెళ్లొచ్చు. విసుగు పుట్టిందా? పదో తరగతిలోనే అది తెలియడమూ లాభమే.

తెర ఇవ్వలేనిది ఒకటుంది. పిపెట్‌తో రెండు మైక్రోలీటర్లు తీయడం చేతికి అలవాటు కావాలి, చూస్తే రాదు. అందుకే వర్చువల్ ప్రోగ్రామ్ చేశాం కాబట్టి ల్యాబ్ పని వచ్చేసిందని అనుకోకండి.

ఎంచుకునేటప్పుడు ఒక్కటే అడగండి: నేను రాసిన జవాబు ఎవరైనా చదివి, తప్పు ఎక్కడుందో చెబుతారా? అది లేకుండా డబ్బు కడితే సర్టిఫికెట్ ఇస్తామనే వాటి జోలికి వెళ్లకండి. అమృత విశ్వవిద్యాపీఠం, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ కలిసి చేసిన ఓల్యాబ్స్ (బడి ప్రయోగాలను తెర మీద చేయించే వెబ్‌సైట్) ఉచితం, అక్కడ మొదలుపెట్టండి. ఇంగ్లిష్ భయపెడితే సబ్‌టైటిల్స్ పెట్టుకుని, నెమ్మదిగా నడపండి. టీచర్లకు ఒక మనవి: బడిలో ఒక్క కంప్యూటర్ ఉన్నా చాలు, నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టండి. వాదించుకోవడం తెలుగులోనే సాగనివ్వండి.

(తెర మీద: ఇంకో జెల్ ఫోటో. అవే నాలుగు గడులు, ఒక్కదానిలోనూ గీత లేదు.)

ఇది మీ ఇంటిపని. వైరస్ ఉందని ముందే తెలిసిన మొదటి గడి కూడా ఖాళీగా ఉంది. రైతు వ్యాన్ దగ్గరే ఉన్నాడు. ఈసారి రిపోర్టులో ఏం రాస్తారు?