"ఎష్టు హాకలి సార్?" చిన్న కారు టైర్లలో గాలి ఎంత పెట్టించాలి

నమస్తే అండి. ఇవాళ రివ్యూకి మూడు పెట్టుకున్నా. ఒకటి, జేబులో పట్టే ఈ చేతి గేజు. రెండు, కార్లో 12 వోల్టుల సాకెట్‌కి గుచ్చుకునే గాలి పంపు. మూడోది టైర్లలో గాలికి బదులు నింపే నైట్రోజన్. దాన్ని చేతిలో పట్టుకుని చూపించలేను కాబట్టి బిల్లు చూపిస్తున్నా. వీటిలో దేనికి డబ్బు పెట్టొచ్చో చెప్తాను. ముందు అసలు నంబరు సంగతి తేలాలి, అది తేలకుండా పంపు కొని ఏం లాభం.

బెంగళూరులో ఏ బంకుకైనా వెళ్ళండి, గాలి కొట్టే అబ్బాయి గొట్టం పట్టుకుని వచ్చి మొదట అడిగేది, "ఎష్టు హాకలి సార్?" ఎంత పెట్టమంటారు అని. మనవాళ్ళు చాలామంది ఠక్కున "ముప్పై ఐదు" అనేస్తారు. చిన్న కారుకీ అదే, ఏడు సీట్ల బండికీ అదే. ఎవరు చెప్పారు ముప్పై ఐదని? మెకానిక్ చెప్పాడంటారు, బావగారు పెట్టిస్తారంటారు. ఇంకొందరు "నువ్వే చూసి పెట్టు బాబూ" అని ఫోన్లో పడిపోతారు. పొద్దుట్నుంచి ట్యాక్సీలకీ, టెంపోలకీ, స్కూటీలకీ కొడుతున్నాడతను. మీ కారుకి ఎంత కావాలో అతనికెలా తెలుస్తుంది?

తమ్ముడూ, కెమెరా కాస్త కిందికి దించు. డ్రైవర్ డోరు తీశాను. సీటు బెల్టు వచ్చే స్తంభం ఉంది కదా, దాని అడుగున, దుమ్ము పట్టిపోయి... ఆగు, తుడుస్తా. స్టిక్కర్ కనబడుతోందా? టైరు సైజు, దాని పక్కన మనుషుల బొమ్మలు, కింద నంబర్లు. ఈ కారుకి మామూలుగా ముందు 33, వెనక 33. మనుషులూ సామానూ నిండా ఉంటే వెనక 36. కారు మోడల్ కావాలనే చెప్పట్లేదు, చెప్తే మీరూ ఇదే పెట్టించేస్తారు. మీ డోరు తీసి మీ స్టిక్కర్ చూడండి. కొన్ని కార్లకి పెట్రోల్ మూత లోపల ఉంటుంది, లేకపోతే కారుతో పాటు ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. నంబరు 230 అనో 2.3 అనో ఉంటే కంగారు పడకండి. 230 కిలోపాస్కల్, 2.3 బార్, 33 పీఎస్ఐ, మూడూ దాదాపు ఒకటే. పీఎస్ఐ అంటే చదరపు అంగుళానికి ఎన్ని పౌండ్ల ఒత్తిడో చెప్పే కొలత, మనం పాయింటు అనేది దాన్నే.

టైరు మీద కూడా ఒక నంబరు ఉంటుంది. ఇదిగో, సైడ్‌వాల్ మీద, అంటే టైరు పక్క భాగం మీద, చిన్న అక్షరాల్లో గరిష్ఠ ఒత్తిడి 300 కిలోపాస్కల్, 44 పీఎస్ఐ అని. దీన్ని చూసి 44 పెట్టించేవాళ్ళున్నారండీ, నిజంగా ఉన్నారు. అది టైరు తట్టుకోగలిగే హద్దు. మీ కారుకి కావలసింది కాదు. టైరు కంపెనీకి ఆ టైరు ఏ కారుకి వెళ్తుందో తెలీదు. కారు కంపెనీకి తెలుసు, కారు బరువు ఎంత, ముందెంత, వెనకెంత అన్నీ తెలుసు. అందుకే డోరు మీది నంబరు.

ఎందుకంత పట్టింపు అంటారా? కారుని మోసేది రబ్బరు కంటే ఎక్కువగా లోపలి గాలే. చిన్న లెక్క వేద్దాం. ఒక చక్రం మీద 230 కిలోల బరువు పడుతోందనుకోండి. 33 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకి 2.3 కిలోలు. భాగిస్తే ఎంతొచ్చింది? 100 చదరపు సెంటీమీటర్లు. పది బై పది, అంటే అరచేయంత. మీ ఇంటిల్లిపాదీ కూర్చున్న కారు రోడ్డుని పట్టుకునేది అలాంటి నాలుగు అరచేతులతోనే. సైడ్‌వాల్ కూడా కొంత మోస్తుంది కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్క, కానీ సంగతి అర్థమవుతుంది. గాలి 25కి పడిపోతే అదే బరువుకి ఆ ముక్క 130 చదరపు సెంటీమీటర్లవుతుంది. ఎక్కువ ఆనితే మంచిదేగా అనకండి. అంతగా ఆనాలంటే టైరు చుట్టు తిరిగిన ప్రతిసారీ సైడ్‌వాల్ మడత పడి లేవాలి. మడత పడిన కొద్దీ వేడి పుడుతుంది. హైవే మీద టైరు పేలిందంటే ఎండ మీదికి తోసేస్తాం. చాలాసార్లు అసలు కారణం తక్కువ గాలి, ఎక్కువ బరువు, ఆపకుండా స్పీడు, ఈ మూడూ కలవడమే.

అందుకే ఎండాకాలం రెండు మూడు పాయింట్లు తగ్గించి పెట్టించే అలవాటు ఉంది చూశారూ, అది తలకిందుల వ్యవహారం. వేడికి గాలి పెరుగుతుంది నిజమే, ఆ పెరిగేదంతా ముందే లెక్కేసుకుని ఇచ్చిన నంబరే స్టిక్కర్ మీదది. మీరు తగ్గిస్తే టైరు ఇంకా మడత పడి ఇంకా వేడెక్కుతుంది.

వానాకాలం సంగతి ఇంకోటి. ఔటర్ రింగ్ రోడ్డు మీద అండర్‌పాస్ దగ్గర నీళ్ళు నిలిస్తే ఎలా ఉంటుందో మారతహళ్ళి వైపు ఉండేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. నిలిచిన నీటి మీద టైరు రోడ్డుని వదిలేసి తేలే స్పీడు కూడా గాలి మీద ఆధారపడుతుంది. విమానాల టైర్ల మీద పరిశోధన చేసి నాసా వాళ్ళు 1960ల్లో కట్టిన సూత్రం ఉంది. దాని ప్రకారం 33 పీఎస్ఐకి ఆ స్పీడు గంటకి 95 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది, 25కి 83కి దిగిపోతుంది. అరిగిన టైరుకీ కొత్త టైరుకీ తేడా ఉంటుంది, మీ కారుకి అచ్చంగా ఇవే అంకెలు రావు. కానీ గాలి తగ్గిన కొద్దీ ముందే తేలుతుందన్నది మాత్రం ఖాయం.

మరి ఎక్కువ పెడితే? టైరు మధ్యలో ఉబ్బి నడుమే ముందు అరుగుతుంది, ప్రతి గుంతా నడుముకి తెలుస్తుంది, బ్రేకు పట్టు తగ్గుతుంది. మైలేజీ కోసం నాలుగు పాయింట్లు ఎక్కించేవాళ్ళకి ఒక మాట. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం నాలుగు టైర్లలో సగటున ఒక పీఎస్ఐ తగ్గితే మైలేజీ తగ్గేది 0.2 శాతం. ఇది గాలి తగ్గినప్పటి లెక్క అనుకోండి, కానీ ఒక్కో పాయింటు విలువ ఎంత చిన్నదో చూడండి. దాని కోసం బ్రేకు పట్టు వదులుకుంటామా?

సరే, గేజు. డిజిటల్‌ది, కొన్ని వందల్లో వస్తుంది. ఇదే వస్తువు పది పేర్లతో అమ్ముతున్నారు కాబట్టి పేరు మీద పోకండి. మూతి వాల్వు మీద తిన్నగా కూర్చుంటుందా లేదా, అదొక్కటే చూడండి. క్యాప్ తీశాను. మూతి కొంచెం వంకరగా పెడితే చూడండి... ఆ బుస్సుమనే చప్పుడు వినిపిస్తోందా? గాలి పోతోంది, అంకె కూడా తప్పే వస్తుంది. ఇప్పుడు నిటారుగా, గట్టిగా, ఒక్కసారి. చప్పుడు ఆగింది. 29. పక్కది 29. వెనక ఎడమది 31. ఇది ఎందుకు ఎక్కువ చూపిస్తోందో తెలుసా? గోడ ఇటు లేదు, పొద్దుటెండ ఈ చక్రం మీదే పడుతోంది. అంచేత ఎండ రాకముందు చూడాలి. కనీసం మూడు గంటలు కదలకుండా నిలబడి ఉన్న కారైతేనే చల్లటి టైరు కింద లెక్క. స్టిక్కర్ మీది నంబరు చల్లటి టైరుదే.

చిక్కంతా ఇక్కడే. బంకు ఇంటి గుమ్మంలో ఉండదు కదా. సిల్క్ బోర్డ్ కూడలి దాటి వెళ్ళేసరికి టైరు వేడెక్కిపోతుంది. ఇంటి దగ్గర 29 ఉన్నది బంకు మెషీన్ మీద 32 చూపిస్తుంది. మీరు 33 పెట్టమంటారు. అతను ఒక పాయింటు కొట్టి, మెషీన్ కుయ్‌మనగానే పీకేస్తాడు. మర్నాడు పొద్దున్న టైరులో ఉండేది 30. గాలి పెట్టించాం కదా అన్న ధీమా మనకి, మూడు పాయింట్ల తక్కువ టైరుకి.

దీనికి నేను చేసేది చెప్తా. పొద్దున్నే ఇంటి దగ్గర గేజుతో చూసుకుంటా. 33కి 29 ఉంది, నాలుగు తక్కువ. ఫోన్లో రాసుకుంటా. బంకులో "ఎష్టు?" అనగానే నంబరు చెప్పను. ముందు మెషీన్ ఎంత చూపిస్తోందో చూస్తా. 32 చూపిస్తే 32కి నాలుగు కలిపి "మూవత్తారు" అంటా, 36. స్టిక్కర్ కంటే ఎక్కువే అనిపిస్తుంది, అనిపించనివ్వండి, మర్నాడు చల్లారాక 33కి వచ్చి కూర్చుంటుంది. ఈ పద్ధతిలో ఇంకో సుఖం ఉంది. బంకు మెషీన్ రెండు పాయింట్లు అటూ ఇటూగా చూపించే రకమైనా ఫర్వాలేదు. మనకి కావలసింది దాని అంకె కాదు, నాలుగు పాయింట్ల తేడా. ఇంకోటి, లాంగ్ డ్రైవ్‌లో టోల్‌గేట్ దగ్గర ఆగినప్పుడు 37, 38 చూపిస్తే గాలి తీసేయకండి. అది వేడికి పెరిగింది.

పంపు విషయానికొస్తే, రెండు వేలకి అటూ ఇటూ. బాగా పనిచేస్తుంది, చల్లటి టైరుకి ఇంటి దగ్గరే పెట్టుకోవచ్చు కాబట్టి పైన చెప్పిన కూడికల గొడవే ఉండదు. కానీ చప్పుడు! పొద్దున్న ఆరింటికి అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ఆన్ చేస్తే వాచ్‌మన్ పరిగెత్తుకొస్తాడు. స్క్రూలా తిప్పి బిగించే మూతి అయితే తీసేటప్పుడు కాస్త గాలి జారుతుంది, ఒక పాయింటు ఎక్కువే పెట్టుకుని గేజుతో సరిచూసుకోండి. అంటే పంపు కొన్నా గేజు కావాల్సిందే. నాలుగు టైర్లకీ ఏకబిగిన నడపకండి, పంపు కాలుతుంది, మధ్యలో చల్లారనివ్వండి. ఊళ్ళకి కారేసుకుని వెళ్ళేవాళ్ళయితే కొనండి. ఆఫీసుకీ ఇంటికీ మాత్రమే తిరిగే కారైతే వద్దు.

నైట్రోజన్ బిల్లు ఇది. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. నైట్రోజన్ వేడికి వ్యాకోచించదని చెప్పి అమ్ముతారు. మామూలు గాలి ఎంత పెరుగుతుందో అదీ అంతే పెరుగుతుంది. తేడా ఎక్కడంటే కాస్త నెమ్మదిగా కారుతుంది. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక వాళ్ళు ఏడాది పాటు టైర్లు కదల్చకుండా పెట్టి చూస్తే సగటున గాలి 3.5 పీఎస్ఐ తగ్గింది, నైట్రోజన్ 2.2 తగ్గింది. ఏడాదికి ఒకటిన్నర పాయింటు కూడా లేదు తేడా! బంకులో గాలి ఉచితం. నా ఓటు గేజుకే.

బరువు విషయం దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే పండక్కి మనం చేసే ప్రయాణాలు అలాంటివి. సంక్రాంతికి నెల్లూరు బయల్దేరాం. వెనక సీట్లో ముగ్గురు, డిక్కీలో సూట్‌కేసులు. తిరుగు ప్రయాణంలో వాటితో పాటు బియ్యం బస్తా, ఆవకాయ జాడీ, అమ్మ సర్దిన ఇంకో రెండు సంచులు. ఈ బరువంతా వెనక చక్రాల మీదే. స్టిక్కర్‌లో వెనక 36 అని ఉన్న రెండో వరస అందుకే ఉంది, దాన్ని చూసేవాళ్ళు నాకు తెలిసి బహు తక్కువ. బయల్దేరే ముందు పెట్టించుకోండి, తిరిగొచ్చి సామాను దించాక మళ్ళీ 33కి తగ్గించుకోండి.

ఈ దారిలోనే ఒక తమాషా ఉంది. బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ముళబాగిలు, పలమనేరు దాటి మొగిలి ఘాటు దిగి కిందికి వెళ్ళేకొద్దీ బయటి గాలి ఒత్తిడి పెరుగుతుంది. గేజు చూపించేది లోపలికీ బయటికీ ఉన్న తేడానే కాబట్టి, బెంగళూరులో 33 పెట్టిన టైరు నెల్లూరులో ఒకటిన్నర పాయింటు తక్కువ చూపించాలి. కానీ నెల్లూరు మనకంటే వేడి. పొద్దున్న పూట ఎనిమిది డిగ్రీలు ఎక్కువుందంటే దానికి ఒకటింపావు పాయింటు పెరుగుతుంది. అటు పోయింది ఇటు వచ్చింది, గేజు దాదాపు 33 దగ్గరే నిలుస్తుంది. అంచేత ఊరు మారిందని గాలి మార్చక్కర్లేదు. అక్కడ ఉన్నన్నాళ్ళలో ఒక పొద్దున్న చూసుకుంటే చాలు.

టైరు సైజు మార్చినవాళ్ళు, వెడల్పు టైర్లు వేయించినవాళ్ళు స్టిక్కర్ నంబరు గుడ్డిగా వాడకండి, టైరు వేసిన షాపులో లోడ్ ఇండెక్స్, అంటే టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే నంబరు, చూపించి అడగండి. మంచి టైరు కూడా నెలకి ఒక పాయింటు దాకా కారుతుంది, అది మామూలే. అదే ఒక్క టైరే వారం వారం తగ్గుతుంటే గాలి కొట్టిస్తూ పోకుండా పంక్చర్ షాపులో నీళ్ళలో ముంచి చూడమనండి. మేకు లేకపోతే వాల్వు దగ్గర సబ్బు నీళ్ళు వేయించండి, బుడగలు వస్తే వాల్వు మార్చాలి.

ఇక స్టెప్నీ. అందరూ మర్చిపోయేది ఇదే, అవసరం పడేది అర్ధరాత్రి కోలార్ దగ్గర. ఎప్పుడూ వాడం కాబట్టి రెండు మూడు పాయింట్లు ఎక్కువే పెట్టి ఉంచండి. సన్నగా, మీద టీ అనే అక్షరంతో మొదలయ్యే సైజు ఉన్న తాత్కాలిక స్టెప్నీ అయితే దానికి 60 పీఎస్ఐ కావాలి, 33 కాదు. మాది మామూలుదే. చూపిద్దామంటే డిక్కీలో ఈ సంచులన్నీ దించాలి. తమ్ముడూ, కెమెరా స్టాండు మీద పెట్టి ఇటొచ్చి ఒక చెయ్యెయ్యి.